గాలి ఇరవై నాట్లు, నా సెయిల్ ఏడున్నర

శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున, కొయోటీ పాయింట్‌లో విండ్‌సర్ఫింగ్ బోర్డుతో నీళ్ళలోకి దిగినవాణ్ణి, గంటన్నర తర్వాత రెండు మైళ్ళ అవతల రాళ్ళగట్టు దగ్గర తేలాను. తేలాను అనడమే సబబు. నేను నడుపుకుంటూ అక్కడికి రాలేదు, గాలే తోసుకొచ్చి పడేసింది. బోర్డు ఒకచోట, తడిసి ముద్దయిన సెయిల్ ఒకచోట, వాటి మధ్య నేను. గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ వెళ్తున్న ఒకాయన ఆగి, సాయం కావాలా అని అడిగితే ఆయన ఫోన్ తీసుకుని మా ఆవిడకి చేశాను. కారేసుకుని వచ్చింది. నన్ను, సామాన్లని ఎగాదిగా చూసి, "ఏవండీ, దాన్ని మీరు నడుపుతున్నారా, అది మిమ్మల్ని నడుపుతోందా?" అంది. జవాబు చెప్పే ఓపిక కూడా లేదు. ముంజేతులు రెండూ బిగుసుకుపోయి కారు తలుపు తియ్యడం కూడా రాలేదు.

విండ్‌సర్ఫింగ్ అంటే సెయిల్, అదే తెరచాప, కట్టిన పలక మీద నిలబడి గాలితో నీళ్ళ మీద పోయే ఆట. ఇది అందులో నా రెండో ఏడాది జూన్‌లో జరిగింది. అప్పటిదాకా నాకు ఈ ఆట వచ్చేసిందనే అనుకున్నాను.

నేను పుట్టి పెరిగింది కోనసీమలో. ఈత చెరువులో, కాలవలో నేర్చుకున్నాను. ఉద్యోగం కాలిఫోర్నియాలో, ఉండేది సన్నీవేల్. మొదటి ఏడాది నేర్చుకున్నదంతా మౌంటెన్ వ్యూలో షోర్‌లైన్ లేక్‌లో. యాభై ఎకరాల ఉప్పునీటి చెరువు అది, మా ఊరి పెద్ద చెరువుకి అటూ ఇటూగా ఉంటుంది. పడిపోతే ఏదో ఒక ఒడ్డుకి చేరుతాం, అంతకంటే ప్రమాదం లేదు. అక్కడ నాకిచ్చిన బోర్డు రెండు వందల లీటర్లది, మధ్యలోంచి నీళ్ళలోకి దిగే డాగర్‌బోర్డు అనే పలక ఉన్నది. లీటర్లంటే ఆ బోర్డు ఎంత నీటిని పక్కకు తోస్తుందన్న లెక్క. డెబ్బై ఆరు కిలోల మనిషి నిలబడ్డా రెండు వందల లీటర్ల బోర్డు పెళ్ళిపీటలా కదలకుండా ఉంటుంది. సెయిల్ నాలుగున్నర చదరపు మీటర్లు. గాలి ఎనిమిది, పది నాట్లు.

నాట్లంటే మా ఊళ్ళో వరినాట్లే. ఇక్కడ గాలి వేగానికీ అదే మాట వాడుతుంటే మొదట్లో నవ్వొచ్చేది. ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. పది నాట్ల గాలంటే మొహానికి హాయిగా తగిలే గాలి, ఇరవై అంటే టోపీ ఎగరగొట్టే గాలి.

ఈ బోర్డుకి చుక్కాని ఉండదు. సెయిల్ ఉన్న మాస్ట్‌ని, అంటే నిలువు స్తంభాన్ని, బోర్డుకి కలిపేచోట ఎటు కావాలంటే అటు వాలే కీలు ఉంటుంది. ఆటంతా ఆ కీలులోనే ఉంది. 1960ల చివర్లో దక్షిణ కాలిఫోర్నియాలో జిమ్ డ్రేక్ అనే విమానాల ఇంజనీరు, హాయిల్ ష్వైట్జర్ అనే సర్ఫర్ కలిసి దీన్ని తయారుచేసి పేటెంట్ తీసుకున్నారు. అంతకు ముందే, 1964లో, పెన్సిల్వేనియాలో న్యూమన్ డార్బీ అనే ఆయన ఇలాంటి పలకే ఒకటి చేశాడు. 1984 లాస్ ఏంజెల్స్ ఒలింపిక్స్ నాటికి ఇది పతకాల పోటీ కూడా అయిపోయింది. మాస్ట్‌ని వెనక్కి వాలిస్తే బోర్డు ముక్కు గాలివైపు తిరుగుతుంది, ముందుకి వాలిస్తే గాలికి దూరంగా తిరుగుతుంది. చెరువులో నేను నేర్చుకున్నది ఇంతే. పది నాట్ల గాలికి అది చాలు కూడా.

రెండో ఏడాది మేలో సొంత సామాను కొన్నాను, సెకండ్‌హ్యాండ్‌లో. 115 లీటర్ల బోర్డు, ఏడున్నర మీటర్ల సెయిల్. "మీ బరువుకి పెద్ద సెయిలే కరెక్ట్, చిన్నవి పిల్లలకి" అన్నాడు అమ్మినాయన. నాకూ నచ్చింది ఆ మాట. మగవాడి అహంకారానికి ఏడున్నర అనే అంకె బాగుంటుంది. పైగా అప్పటిదాకా నాకు తెలిసిన గాలి చెరువు గాలి. అందులో నాలుగున్నరతో మెల్లగా పోయేవాణ్ణి కాబట్టి, ఏడున్నరతో రయ్యిమని పోతానని లెక్కేసుకున్నాను. లెక్క తప్పు కాదు, గాలి అంతే ఉంటే.

కొయోటీ పాయింట్ శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టు పక్కనే ఉంటుంది. దిగే విమానాలు చక్రాలు చాచుకుని కనిపిస్తూనే ఉంటాయి. పడమట పసిఫిక్‌కీ ఈ బేకీ, అంటే అఖాతానికీ, మధ్య కొండల వరసలో శాన్ బ్రూనో దగ్గర ఒక సందు ఉంది. వేసవి మధ్యాహ్నం సముద్రపు చల్లగాలి ఆ సందులోంచి గరాటులో పోసినట్టు దూసుకొస్తుంది. ఒడ్డున దిగేచోట గాలి మామూలుగానే ఉంటుంది. నాలుగు వందల అడుగులు లోపలికి వెళ్ళాక అసలు గాలి మొదలవుతుంది. ఈ సంగతి నాకు తెలియదు. ఒడ్డున నిలబడి, వేలు తడిపి గాల్లో పెట్టి, పన్నెండు నాట్లుంటాయిలే అనుకున్నాను. ఏడున్నర ఎత్తుకుని బయల్దేరాను.

మొదటి రెండు నిమిషాలు స్వర్గం. బోర్డు నీళ్ళ మీద లేచి జారడం మొదలుపెట్టింది. దీన్నే ప్లేనింగ్ అంటారు. కాళ్ళ కింద నీళ్ళ చప్పుడు మారిపోతుంది, గలగలా అన్నది కాస్తా సన్నగా సర్రుమంటుంది. నడుముకి కట్టుకున్న హార్నెస్ పట్టీ కొక్కేన్ని, చేతులతో పట్టుకునే అడ్డకర్ర బూమ్‌కి వేలాడే తాడులో తగిలించి వెనక్కి వాలాను. అప్పుడే దెబ్బగాలి, అంటే ఒక్కసారిగా విసిరికొట్టే గాలి, వచ్చింది. సెయిల్ నన్ను ముందుకి విసిరింది. కొక్కెం తాడులోనే ఉంది కాబట్టి సెయిల్‌తో పాటే ఎగిరి, బోర్డు ముక్కు దాటి, సెయిల్ మీద పడ్డాను. దీన్ని కాటపల్ట్ అంటారని తర్వాత తెలిసింది. వడిసెల్లోంచి రాయి పోయినట్టే.

ఆ తర్వాత గంటా అదే కథ. తాడు పట్టుకుని సెయిల్‌ని నీళ్ళలోంచి లేపడం, అది సగం లేవగానే గాలి లాక్కోవడం, పడడం. పడ్డ ప్రతిసారీ గాలి నన్ను ఇంకాస్త ఆగ్నేయానికి తోసేది. ఒడ్డు చిన్నదైపోయింది. చేతుల్లో బలం లేక ఇలా అవుతోందని, రేపటినుంచి జిమ్‌కి పోవాలని, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోసుకుంటూ అనుకున్నాను. ఇన్ని జరిగినా తప్పు సామానుదేమోనన్న అనుమానం ఒక్కసారి కూడా రాలేదు.

వారం తర్వాత మళ్ళీ వెళ్ళాను. పార్కింగ్ పక్కన గడ్డి మీద ఏడున్నర పరుస్తుంటే, తెల్లగడ్డం పెద్దాయన ఒకాయన వచ్చి నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే గాలి తింటున్నానని చెప్పుకునే మనిషి. నా సెయిల్ చూసి, బే వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసి, "ఎంత బరువుంటావు?" అని అడిగాడు. చెప్పాను. "అయితే అది మడిచి కార్లో పెట్టు" అన్నాడు.

ఆయన చెప్పిన మొదటి పాఠం గాలి బలం లెక్క. వేగం రెట్టింపయితే తోపు రెట్టింపవదు, నాలుగింతలవుతుంది. నేను చెరువులో పది నాట్లకి నాలుగున్నర మీటర్లు పట్టుకుని నిలబడ్డాను. ఇరవై నాట్లలో అదే సెయిల్ నాలుగింతల బలంతో లాగుతుంది. నేనేమో దానికి ఏడున్నర తగిలించాను, అంటే దాదాపు ఏడింతలు. దానికి ఏ జిమ్మూ చాలదు. దెబ్బగాలి సంగతీ అంతే. పద్దెనిమిది ఉన్న గాలి ఒక్క క్షణం పాతికకి వెళ్తే, వినడానికి ఏడు నాట్లే తేడా, చేతికి మాత్రం దాదాపు రెట్టింపు బరువు.

బే గాలి ఎక్కడినుంచి వస్తుందో కూడా ఆయనే చెప్పాడు. వేసవిలో సాక్రమెంటో, స్టాక్టన్ ఉన్న మధ్య లోయ 38, 40 డిగ్రీలకి కాగుతుంది. బయట పసిఫిక్ నీళ్ళు 12, 14 డిగ్రీల దగ్గరే ఉంటాయి. లోయలో వేడిగాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రపు చల్లగాలి గోల్డెన్ గేట్ లోంచి, శాన్ బ్రూనో సందులోంచి ఎగబడుతుంది. అందుకే ఇక్కడివాళ్ళు పొద్దున్నే శాన్‌ఫ్రాన్సిస్కోకీ సాక్రమెంటోకీ మధ్య గాలి పీడనం తేడా ఎంతుందో చూసుకుంటారు. తేడా ఎక్కువుంటే చిన్న సెయిళ్ళు తీస్తారు.

అప్పటినుంచి ఒడ్డున అరగంట చూడనిదే సెయిల్ విప్పను. నీళ్ళ మీద అక్కడక్కడ తెల్ల నురగలు కనిపిస్తే పన్నెండు నాట్ల దగ్గర. ఎటు చూసినా నురగలే ఉంటే పద్దెనిమిది దాటినట్టు. నీటి తుంపర గాలికి లేచి చారలు కడుతుంటే పాతిక దాటినట్టే, ఇక ఆ రోజు నాకు కాదు. పడమటి కొండల మీంచి పొగమంచు దూది పరుపులా కిందికి జారుతుంటే సాయంత్రానికి ఇంకా పెరుగుతుందన్న మాట. ఇవన్నీ ఒకెత్తు, నా బరువే ఉన్న మనిషి ఏ సైజు సెయిల్‌తో నీళ్ళలో ఉన్నాడో అడిగి తెలుసుకోవడం ఒకెత్తు. సిగ్గుపడకుండా అడుగుతాను. ఒడ్డుకి వచ్చినవాణ్ణి ఆపి, "ఏ సైజు? చాలుతోందా, ఎక్కువైందా?" అని. వెబ్‌సైట్‌లో సెన్సర్ అంకెలు ఫోన్లో కనిపిస్తాయి కానీ, అవి ఏదో ఒక స్తంభం దగ్గర గాలి. మనం పోయేచోట గాలి కాదు.

నా సొంత లెక్క ఒకటి కుదిరింది. బరువుని 1.4తో హెచ్చవేసి, వచ్చినదాన్ని గాలి నాట్లతో భాగిస్తే సెయిల్ సైజు దగ్గరగా వస్తుంది. నా 76 కిలోలకి పదిహేడు నాట్లయితే ఆరుంపావు, ఇరవైకి ఐదుంపావు పైచిలుకు, ఇరవైమూడుకి నాలుగున్నర దాటి. అలా 6.2, 5.3, 4.7 అని మూడు సమకూర్చుకున్నాను, నాలుగు నెలల్లో ఒక్కొక్కటిగా, అన్నీ పాతవే. గాలి పద్దెనిమిది నుంచి పాతిక మధ్య ఊగుతుంటే సగటుకి కాదు, పై అంకెకి దగ్గరగా తీసుకుంటాను. సరిగ్గా పట్టు దొరికేదాకా ఇదే మంచిదని నా అభిప్రాయం. బాగా వచ్చినవాళ్ళు దీనికి ఒప్పుకోరు, తగ్గినప్పుడు నిలబడిపోతావంటారు. వాళ్ళ మాటా నిజమే, ఆ కథ తర్వాత చెబుతాను.

ఇదంతా మా తాతయ్య కళ్ళంలో చూసిందే అని చాలా రోజులకి తట్టింది. ధాన్యం తూర్పారబట్టే రోజు ఆయన పొద్దున్నే వెళ్ళి కూర్చునేవాడు. పనివాళ్ళు సిద్ధంగా ఉన్నా మొదలుపెట్టనిచ్చేవాడు కాదు. గుప్పెడు పొట్టు తీసి గాల్లో వదిలి, అది ఎంత దూరంలో పడుతోందో చూసేవాడు. గాలి మెల్లగా ఉంటే పీటెక్కి, చేట తలమీదికెత్తి పోయించేవాడు. గాలి జోరెక్కితే పీట దింపించి, చేట నడుం దగ్గరకి దించమనేవాడు, లేకపోతే గింజలు కూడా పొట్టుతో పోతాయని. మా అమ్మకి ఫోన్లో ఈ మాట చెబితే, "ఒరేయ్ నాన్నా, తాతయ్య గట్టి నేల మీద నిలబడి చేశాడురా, నువ్వు సముద్రంలో చేస్తున్నావు" అంది. బే సముద్రం కాదమ్మా అన్నా వినలేదు.

సెయిల్ చిన్నదైతే చాలు, గొడవ తీరిపోతుందనుకున్నాను. తీరలేదు. 5.3తో మొదటిరోజు కూడా వెనక చెయ్యి లాగేసింది. ఒడ్డుకి వచ్చి ఈ సెయిల్ కూడా పెద్దదేనేమో అన్నాను. పెద్దాయన దాన్ని నిలబెట్టి, వెనక అంచు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసి, "సెయిల్ సరైనదే, నువ్వు సగమే కట్టావు" అన్నాడు.

డౌన్‌హాల్ అని మాస్ట్ కింది కొసలో ఒక తాడు ఉంటుంది. సెయిల్ అడుగున మూడు చిన్న కప్పీలు, మాస్ట్ కొసలో మూడు, వాటిమధ్య ఆ తాడు ఆరు వరసలు తిరుగుతుంది. దాన్ని లాగితే సెయిల్ ముందు అంచు మాస్ట్ పొడవునా కిందికి బిగుస్తుంది, మాస్ట్ విల్లులా వంగుతుంది. నేను మంచం నవారు బిగించినట్టు, సెయిల్ మీద ముడతలు పోయి నున్నగా కనబడేదాకా లాగి ఆపేసేవాణ్ణి. చూడ్డానికి అందంగా ఉండేది, కొత్త గొడుగులా. పెద్దాయన తాడుని ఒక పిడికి చుట్టి, మాస్ట్ అడుగున కాలు తన్నిపెట్టి, వెనక్కి పడుకుని లాగడం మొదలుపెట్టాడు. ప్లాస్టిక్ కరకరమంది. చినిగిపోతుందేమోనని నాకు గుండె దడ. ఇంకో అంగుళం. ఇంకో అంగుళం. ఉన్నట్టుండి సెయిల్ పైభాగం వెనక అంచు వదులైపోయింది, నీళ్ళలో నానిన అప్పడంలా వేలాడింది. సెయిల్‌కి అడ్డంగా ఉండే బద్దల్లో పై నుంచి రెండో బద్ద, మూడో బద్ద మధ్య దాకా ఆ వదులు పాకింది. "పాడైపోయిందే" అన్నాను. "ఇప్పుడు బాగైంది" అన్నాడు.

విషయం ఏమిటంటే, దెబ్బగాలి వచ్చినప్పుడు ఆ వదులుగా ఉన్న పైభాగం మెలితిరిగి గాలిని వదిలేస్తుంది. మనం ఏమీ చెయ్యకుండానే. బిగుతుగా ఉన్న సెయిల్ వదలదు, మొత్తం పట్టుకుని మన చేతికిస్తుంది. పైగా సరిగా లాగని సెయిల్‌లో గాలి ఆనే చోటు కుదురుగా ఉండదు, దెబ్బగాలికి వెనక్కి జరుగుతుంది. అందుకే నా వెనక చెయ్యి అంతలా లాగింది. బూమ్ వెనక కొసన ఉండే అవుట్‌హాల్ తాడుది ఇంకో పని. దాన్ని కాస్త లాగితే సెయిల్ పొట్ట తగ్గి చదునవుతుంది, బలం తగ్గుతుంది. వదిలితే పొట్ట పెరుగుతుంది, బలం వస్తుంది. సెయిల్ అడుగున మాస్ట్ ఎంత, బూమ్ ఎంత అని అంకెలు అచ్చేసి ఉంటాయి. అవి చదివి ఆ కొలతకి కట్టాలన్న జ్ఞానం కూడా నాకు అప్పటిదాకా లేదు. మందుల సీసా మీద డోసు చదవకుండా తాగినట్టు.

మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళాను. అదే సెయిల్, అదే గాలి. దెబ్బగాలి నీళ్ళ మీద నల్లటి మచ్చలా పరుగెత్తుకుంటూ వస్తుంది, దాన్ని చూడొచ్చని అప్పటికి నేర్చుకున్నాను. వచ్చింది. గట్టిగా కళ్ళు మూసుకుందామనిపించింది. సెయిల్ పైన టపటపమంది, బోర్డు కొంచెం జోరందుకుంది, అంతే. చేతికి ఏమీ రాలేదు. ఆ టపటప శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది.

సామాను కుదిరాకే ఒళ్ళు చేసే తప్పులు బయటపడ్డాయి. అప్పటిదాకా ఏ తప్పు ఎవరిదో తెలిసేది కాదు. దెబ్బగాలి రాగానే నేను మోచేతులు మడిచి సెయిల్‌ని గుండెలకి హత్తుకునేవాణ్ణి, భయంతో. అది సరిగ్గా తిరగబడ్డ పని, దగ్గరికి లాక్కున్నకొద్దీ గాలి ఇంకా నిండుతుంది. చెయ్యాల్సింది ముందు చెయ్యి చాచి ఉంచడం, వెనక చెయ్యి బెత్తెడు వదలడం, పిరుదుల్ని కిందికి దించి కుర్చీలో కూర్చున్నట్టు బరువంతా హార్నెస్ మీద వెయ్యడం. అలా వేలాడితే మన బరువు బూమ్ మీదుగా మాస్ట్ అడుక్కి దిగుతుంది, బోర్డు ముక్కు లేవకుండా నొక్కి ఉంచుతుంది. ఇంకా ఎక్కువైతే ముక్కుని కొంచెం గాలివైపు తిప్పితే వేగం అదే తగ్గుతుంది. అప్పుడు గాలికి దూరంగా తిరిగితే మాత్రం రాకెట్టే.

హార్నెస్ తాళ్ళ సంగతి చిన్నదే కానీ నా ముంజేతుల్ని కాపాడింది అదే. ఒడ్డున గాల్లో సెయిల్ నిలబెట్టి ఒక్క చేత్తో బూమ్ పట్టుకుని, చెయ్యి ముందుకీ వెనక్కీ జరుపుతూ పోతే ఒకచోట సెయిల్ కుదురుగా నిలుస్తుంది, త్రాసు ముల్లులా. ఆ చోటుకి అటొకటి ఇటొకటి తాడు కొసలు రావాలి. నావి జానెడు ముందుకు ఉండేవి. అంటే రెండు నెలలు వెనక చేత్తో సెయిల్ బరువు మోశాను.

బలమైన గాలికి బూమ్ రెండు వేళ్ళు దించడం, మాస్ట్ కీలుని బోర్డు ముందువైపు ఒక అంగుళం జరపడం, ఫిన్ చిన్నది వెయ్యడం, ఇవన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి. ఫిన్ అంటే బోర్డు వెనక కింద ఉండే రెక్క. పెద్ద సెయిల్‌కి పెద్దది కావాలి, కానీ పెద్ద ఫిన్‌తో గాలిలో వేగంగా పోతే అది బోర్డు తోకని పైకి లేపేస్తుంది, బోర్డు ఒక పక్కకి ఒరిగి గుర్రంలా తన్నుతుంది. 42 సెంటీమీటర్లది తీసి 34ది వేసిన రోజు తన్నులు ఆగాయి. ఒక్క మాట, ఇవన్నీ ఒకే రోజు మార్చొద్దు. నేను మార్చాను. బాగైంది దేనివల్లో తెలియలేదు, చెడింది దేనివల్లో తెలియలేదు. ఇప్పుడు ఒక్కసారికి ఒక్కటే మారుస్తాను, ఒడ్డుకి వచ్చి చిన్న నోటుబుక్కులో రాసుకుంటాను. సాఫ్ట్‌వేర్ బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఇక రెండో కథ. సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం. ఏడున్నర దెబ్బ తిన్నవాణ్ణి కదా, చిన్నదే దేవుడన్న స్థితిలో ఉన్నాను. గాలి పదహారు ఉంది, పెరుగుతుందని నాకు నేనే చెప్పుకుని 4.7 కట్టాను. పైగా అప్పుడే కొన్న 92 లీటర్ల బోర్డు. ఒడ్డు నుంచి మైలు దూరం వెళ్ళాక గాలి పడిపోయింది, పన్నెండుకి, తర్వాత ఎనిమిదికి. బలం లేని సెయిల్ నా బరువు మొయ్యదు, కాళ్ళ కింద బోర్డు మునగడం మొదలైంది, మడమల దాకా నీళ్ళు. 76 కిలోల నేను, ఒంటికి అతుక్కునే తడి రబ్బరు వెట్‌సూట్, హార్నెస్, మాస్ట్, సెయిల్ అన్నీ కలిస్తే తొంభై దగ్గర. 92 లీటర్ల బోర్డు మీద అది కూర్చోవడానికి చాలుతుంది, నిలబడి తాడుతో సెయిల్ లేపడానికి చాలదు. నిలబడి సెయిల్ లేపాలంటే బోర్డు లీటర్లు మన కిలోల కంటే దాదాపు ముప్ఫై ఎక్కువుండాలి. ఆ లెక్క కొనేముందు వేసుకోవాల్సింది.

పొద్దు కుంకుతోంది. సెయిల్‌ని మాస్ట్ నుంచి విప్పి, చాపలా చుట్టి, తాడుతో కట్టి, బోర్డు మీద పొడుగ్గా పెట్టి, దాని మీద బోర్లా పడుకుని చేతులతో తెడ్డేసుకుంటూ వచ్చాను. నలభై నిమిషాలు. ఈసారి భయం వెయ్యలేదు, ఎందుకంటే సెయిల్ చుట్టడం చెరువులోనే రెండుసార్లు ప్రాక్టీస్ చేశాను. ఒకవేళ ఓపిక అయిపోతే రెండు చేతులూ పక్కలకి చాచి మెల్లగా పైకీ కిందికీ ఊపాలి, అది ఆపద సంకేతం, ఏ దేశంలోనైనా పడవవాళ్ళకి తెలుస్తుంది. ఊపాల్సిన అవసరం రాలేదు. మా ఆవిడ ఒడ్డున నిలబడి ఉంది. ఈసారి ఏమీ అనలేదు, అదే ఎక్కువ భయపెట్టింది.

ఆటుపోట్లు కూడా చూసుకోవాలని ఆ మధ్యే నేర్చుకున్నాను. నీరు గోల్డెన్ గేట్ వైపు వెనక్కి తీస్తున్నప్పుడు ఆ ప్రవాహం పడమటి గాలికి ఎదురు పోతుంది కాబట్టి అలలు నిటారుగా, దగ్గరదగ్గరగా లేస్తాయి. గాలి అంతే ఉన్నా బోర్డు ఎగిరెగిరి పడుతుంది. అలాంటప్పుడు సెయిల్ ఒక సైజు తగ్గించినా నష్టం లేదు, ఎందుకంటే ప్రవాహమే మనల్ని గాలికి ఎదురు మోస్తుంది. పోటు వస్తుంటే దానికి రివర్స్. నీళ్ళు నున్నగా ఉంటాయి, కానీ గాలితో పాటు ప్రవాహమూ కిందికే తోస్తుంది. సెయిల్ తక్కువైతే బయల్దేరిన చోటికి తిరిగి రాలేం.

మెల్లగాలి రోజుల్ని ఇప్పుడు వదులుకోను. అలమీడాలో ఇసుక ఒడ్డు ఉంది, లోతు తక్కువ, గాలి పది పన్నెండు దగ్గర నిలకడగా వీస్తుంది. పాత పొడుగు బోర్డు, డాగర్‌బోర్డు దించి, నిటారుగా నిలబడి, కాళ్ళు మాస్ట్ దగ్గర పెట్టుకుని, అవుట్‌హాల్ వదులు చేసి పొట్ట పెంచి పోతుంటే మునివేళ్ళతోనే నడుస్తుంది. బలమైన గాలిలో చేసేవన్నీ ఇక్కడ తిరగేసి చెయ్యాలి. వెనక్కి వాలానో, నీళ్ళలో వెల్లకిలా పడతాను, ఆపడానికి అక్కడ గాలి ఉండదు. గాలికి ఎదురు మలుపు, గాలివాటం మలుపు రెండూ నేను సరిగ్గా నేర్చుకున్నది ఇక్కడే. కొయోటీలో ఇరవై నాట్లలో నేర్చుకుందామనుకున్న ఏడాదంతా వృథా.

ఏడున్నర ఇంకా గరాజ్‌లోనే ఉంది. పద్నాలుగు నాట్ల రోజు ఒకటి దొరికితే, మంచి సెయిలే అది. మొన్న ఆదివారం మాత్రం 5.3తోనే వెళ్ళాను. పెద్దాయన కనబడలేదు. ఒడ్డుకి వచ్చి వెట్‌సూట్ సగం విప్పి, తడి చేత్తో నోటుబుక్కులో రాసింది ఇది:

"గాలి 18 నుంచి 24. పోటు. 5.3, ఫిన్ 34. డౌన్‌హాల్ ఇంకో వేలెడు లాగాల్సింది, మూడో బద్ద దాకా వదులు రాలేదు. ఎడమవైపు తాడు కాస్త వెనక్కి. రెండుసార్లే పడ్డాను, రెండోది తప్పు నాదే, విమానం చూస్తున్నాను."